ఇంటర్నేషనల్ స్టూడెంట్: కొలంబియా నుంచి కమ్యూనిటీ కాలేజీ దాకా (మన చదువుల చరిత్ర – 11)



మన పల్లెల్లో ‘ఇంటర్నేషనల్ స్టూడెంట్’ అంటే బ్యాంకు అప్పు, వీసా ఇంటర్వ్యూ గుర్తొస్తాయి. ముందు గుర్తు రావలసింది అంబేడ్కర్. 1913 జూలైలో, 22 ఏళ్ల వయసులో ఆయన న్యూయార్క్‌లో దిగాడు. కొలంబియాలో చదవడానికి బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివాడు. హిందువులు వేరే దేశాలకు వలసపోతే కులం ప్రపంచ సమస్య అవుతుందన్న కేట్కర్ మాటను అందులోనే గుర్తు చేశాడు.

1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే, పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. అమెరికా, యూరప్‌లలో గడిపిన ఐదేళ్లలో తాను అంటరానివాడిననే సంగతే మనసులోంచి పోయిందని ఆయనే రాసుకున్నాడు. ఈరోజు అక్కడికి పోయిన మన పిల్లలు ఆ మాట అనగలరా?

మా ఎర్రగుంట్ల అమ్మాయి ఒకరు మా దగ్గర ఇంటర్ చదివి, కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరింది. వాళ్ల నాయన నాపరాళ్ల గనిలో కూలి. వాళ్లమ్మ పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. ఆ తల్లిని ఎవరూ ‘ఇంటర్నేషనల్’ అనలేదు. ఆమె కూడబెట్టిన డబ్బు, ఇల్లు కుదువ పెట్టి తెచ్చిన అప్పు, ఇవే ఆ పాప స్కాలర్‌షిప్.

ఆ కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఆమె ఇంటర్న్. కొత్తగా వచ్చినవాళ్లకు ఐ-20 కాగితాలు, బ్యాంకు ఖాతా, వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న నియమం, అన్నీ చెప్పాలి. గదులు వెతుక్కునేవాళ్లకు సాయపడాలి. మొన్న ఫోన్లో అంది: “మేడం, ఈడ ఫారంలో కులం గడి లేదు. కానీ గదిలో చేర్చుకునేముందు మనోళ్లే ఇంటిపేరు అడుగుతాండారు. ఏ ఊరు, ఊర్లో ఏ వీధి అని అడుగుతాండారు. మా ఆఫీసులో తెల్లోళ్లకు ఇది అర్థమే కాదు.”

అర్థం కాకపోవడానికి వీల్లేదు. వాళ్ల చరిత్రలోనూ ఇదే ఉంది. 1901లో జోలియట్‌లో మొదలైన ఈ రెండేళ్ల కాలేజీలను 1947లో ట్రూమన్ కమిషన్ సామాన్యుల చదువుకు దారిగా చూపింది. కానీ ఫ్లోరిడాలో నల్లజాతి పిల్లలకు వేరుగా 12 జూనియర్ కాలేజీలు పెట్టారు. 1964 పౌరహక్కుల చట్టం తర్వాతే అవి మూతబడి తెల్లవాళ్ల కాలేజీల్లో కలిశాయి. తలుపు తెరిచామన్న చోటే రెండు తలుపులు!

కులం విషయంలోనూ అక్కడ పోరాటం నడుస్తోంది. 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తమ వివక్ష వ్యతిరేక నియమాల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టమే చేసింది. అదే ఏడు అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లును మాత్రం గవర్నర్ వీటో చేశాడు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి కాలిఫోర్నియా స్టేట్‌కు మారే పిల్లలు ఎందరో. అక్కడికి చేరాక ఉన్న రక్షణ, చేరేముందు ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్ననే కాగితం మీద రాసి ఆఫీసులో పెట్టమని ఆ అమ్మాయికి చెప్పాను. పెట్టింది.

ఇక మన ప్రభుత్వాల సంగతి. దళిత విద్యార్థుల కోసం కేంద్రం 1954-55లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. దేశం మొత్తానికి ఏడాదికి 125 మంది. అదీ పీజీ, పీహెచ్‌డీలకే. 2022లో ఆంధ్ర ప్రభుత్వం అంబేడ్కర్ పేరున్న పథకం స్థానంలో కొత్త పేరుతో తెచ్చిన పథకం క్యూఎస్ ర్యాంకుల్లో తొలి 200 యూనివర్సిటీలకే పరిమితమైంది. రెండేళ్ల కాలేజీకి ర్యాంకు ఎక్కడిది? గనికూలి బిడ్డ ఎక్కగలిగిన మెట్టు ఏ పథకానికీ కనబడదు.

అంతకంటే ఘోరం ఇంకొకటి. అదే 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఆ స్కాలర్‌షిప్ లేదు. 1916లో కులం మీద అంబేడ్కర్ చదివిన పత్రం లాంటిది రాయడానికి మన పిల్లలెవరైనా దరఖాస్తు పెడితే తిరస్కరించాల్సిందే. బరోడా రాజు పెట్టని షరతు అంబేడ్కర్ రాసిన రాజ్యాంగం కింద నడిచే ప్రభుత్వం పెట్టింది.

విద్యార్థి సంఘాల మిత్రులు రెండు డిమాండ్లు పట్టుకోవాలి. ఆ షరతు పోవాలి. డిగ్రీకి, రెండేళ్ల కాలేజీలకు కూడా సాయం రావాలి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు తమ కాలేజీ నియమావళి తెరిచి, వివక్షల జాబితాలో కులం ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి. ఒంటరిగా కాదు, నలుగురు కలిసి అడగండి.

జై భీమ్.