చేతికి మచ్చికైన కోడి : కొరాపుట్, రాయగడ మన్యమున ఒక పాత విద్య

కోడిని పెంచుట వేరు, కోడిని మచ్చిక చేయుట వేరు. మొదటిది గింజలు చల్లువారందరికి తెలిసినది. రెండవది పుంజును, పెట్టను ఎరిగి ఎన్నుకొనగల వారికే అబ్బు విద్య. ఈ విద్య మన ప్రాంతమున ఎట్లు నిలిచినదో చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు జయపురము జమీందారీ చెన్నపురి రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. పిమ్మట అది కొరాపుట్ జిల్లా అయ్యెను. 1992లో రాయగడ వేరు జిల్లాగా విడివడినది. సరిహద్దులు మారినను సంతలు మారలేదు. కోళ్ల పేర్లును మారలేదు.

కోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. గోదావరికి ఉత్తరమున గల మన కొండలు దానికి పుట్టినిల్లు. దక్షిణమున బూడిదరంగు అడవికోడి కానవచ్చును. తెలుగు 'కోడి' అను మాటయు, కుయి, కువి భాషలలోని కోడి పేర్లును ఒకే ద్రావిడ ధాతువునుండి పుట్టినవి. కావున ఈ పక్షితో మన చెలిమి లిపికంటె పాతది.

మన వాఙ్మయమున కోడి పందెపు బరిలో కనబడును. పల్నాటి వీరుల కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పన్నిన పందెము రాజ్యమునే మార్చినది. ఓరుగల్లు వీధులను వర్ణించు క్రీడాభిరామమునను కోడిపోరు కలదు. కుక్కుటశాస్త్రమను పేర ప్రచారమందున్న గ్రంథములు కాకి, డేగ, నెమలి, సేతు, పింగళ, మైల అని ఈకల రంగునుబట్టి పుంజులకు పేర్లు పెట్టి, ఏ వారమున ఏది గెలుచునో చెప్పినవి. ఆ జోస్యమును నమ్మనక్కరలేదు. కాని ఒక సంగతి గమనింపదగినది. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీసుగఢ్ ప్రాంతముల అసీలు పుంజు తన జాతివానిపై ఎంత కసిగలదో, మనిషి చేతిలో అంత శాంతముగా నుండును. పెంచినవాని చేతిని పొడుచు పుంజు బరికి పనికిరాదు. అట్టిదానిని తొలగించుచు రాగా, తరతరములకు చేతికి లొంగు గుణమే నిలిచినది. పోరాడుగుణము, మనిషికి బెదరకుండు గుణము రెండును వేరువేరని మన పెద్దలు అనుభవముచే ఎరిగిరి.

ఇటీవల స్వీడన్ లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయమువారు ఎర్ర అడవికోళ్లలో మనిషికి తక్కువ బెదరు వానినే ఎన్నుకొనుచు పది తరములు పెంచిరి. ఆ వంశము కోళ్ల శరీరము పెరిగినది. దానినిబట్టి చూడగా మెదడు చిన్నదైనది. భయపెట్టు వస్తువునకు అవి త్వరగా అలవాటుపడినవి. 2020లో ప్రకటింపబడిన ఈ ఫలితము, బెదరు లేమి తల్లిదండ్రులనుండి పిల్లలకు దిగునని చూపుచున్నది.

బరి వెలుపల ఈ విద్య స్త్రీలది. గుణుపురము వైపు సవరల పూజలలో బలికి ముందు కోడిచేత బియ్యపు గింజలు తినిపించు ఆచారము కలదు. పొదుగుచున్న పెట్ట కింద చేయిపెట్టి గుడ్లు తీయునప్పుడు, ఊరక ముడుచుకొని కూర్చున్నదాని పిల్లలనే మా ఇండ్లలో ఉంచుకొందురు. ఎగిరి అరచుదానిని సంతకు పంపుదురు. పిల్లలు పొదిగిన తొలి దినములలోనే వానిని అరచేతిలో నూకలు పెట్టి అలవాటు చేయుదురు. పెద్దకోడిని వెంబడించి పట్టరు. పొద్దుగూకినపిదప, గూటిలో కదలకున్నప్పుడు, రొమ్ము కింద చేయిచ్చి ఎత్తుదురు. పైనుండి చేయి వాలినచో కోడికి అది గద్దవలె తోచును గదా!

1960 నాటి జంతుహింసా నివారణచట్టము పందెములను నిషేధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే అడవికోడిని పట్టుటయు నేరమైనది. రెండును సమంజసములే. కాని హింసతోపాటు విద్యయు పోరాదు. హైదరాబాదు కోళ్ల పరిశోధనాలయమున రూపొందిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు పెరటి పెంపకమునకు వచ్చినవి. అవి వచ్చినను, ఇంట ఏ కోడిని ఉంచవలెనో తెలిసిన చేయి వలసియేయున్నది.

నేను తెలుగు చెప్పు తరగతిలో ఒకనాడు కోళ్ల రంగుల పేర్లు అడిగితిని. పిల్లలు 'ఎర్రకోడి, నల్లకోడి' అనిరి. మరునాడు ఒక బాలిక తన అవ్వనడిగి 'మైల, పింగళ' అని రెండు మాటలు తెచ్చినది. తరగతియంతయు ఆ రోజు ఆ రెండు మాటలనే పలికినది. సరిహద్దుకు ఈవలనున్న మనకు భాష నిలుపుకొనుటయు ఇట్టిదే. బెదరించి పట్టినచో అది చేతికి రాదు. చిన్ననాటనే అరచేతిలో గింజ పెట్టి పిలువవలెను. అవ్వలు ఉన్నప్పుడే ఈ మాటలను వ్రాసి ఉంచుకొనుట మనవారి మొదటి కర్తవ్యము.