గ్రాంథికం వాదం కాదా?

1912-13 ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీ విద్యార్థులకు చిన్న వెసులుబాటు దొరికింది. స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని పాత కావ్యాల ఒరవడిలోని గ్రాంథికంలోనైనా, ఆధునిక వాడుక భాషలోనైనా రాయవచ్చు. గ్రాంథికం మానమని ఎవరూ అనలేదు. అయినా సభలు జరిగాయి, విన్నపాలు వెళ్లాయి. 1911లో ఏర్పడ్డ ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికానికి కొమ్ము కాసింది. 1915 నాటికి ఆ వెసులుబాటు పోయింది.

ఆ తగవులో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ‘వ్యావహారికవాదులు’. అవతలి పక్షాన జయంతి రామయ్య పంతులు తనదొక వాదమని ఒప్పుకునే మనిషి కాదు. ఉన్న భాషను కాపాడుతున్నాననే ఆయన నమ్మకం. భావజాలం బలమంతా ఇక్కడే ఉంది. రుజువు చూపే బరువు ఎప్పుడూ ఎదుటివాడిదే.

నిజానికి పాఠశాల గ్రాంథికం వయసు పెద్దదేం కాదు. 19వ శతాబ్ది నడుమ చిన్నయసూరి కావ్యభాషను ప్రమాణం చేసుకుని ‘బాలవ్యాకరణం’ రాశాడు. బడి, అచ్చు, పరీక్ష కలిసి దానికి శాసనబలం ఇచ్చాయి. రెండు తరాలు తిరిగేసరికి ఒక పండితుడి ఎంపిక భాషాస్వభావమై కూర్చుంది. గిడుగు సరిగ్గా ఈ చరిత్రనే తవ్వాడు. శాసనాలు, పాత వ్యాఖ్యానాలు, స్థానిక చరిత్రలు ముందు పెట్టి, పూర్వులు వచనంలో వాడుక మాటలే రాశారని చూపాడు. అంతటితో ఆగక పండితుల గ్రాంథికంలోనే తప్పులు ఏరాడు. కాపలాదారులకే పట్టుబడని నియమాన్ని పిల్లల నెత్తిన ఎలా పెడతారని దాని భావం. ఈ దెబ్బకు సరైన జవాబు రాలేదనే నా అభిప్రాయం.

అలాగని రామయ్య పంతులు మాటలో పస లేదనలేం. జిల్లాకొక తీరుగా, కులానికొక తీరుగా మాట్లాడుకునే జనానికి ఉమ్మడి రాతభాష ఏదని ఆయన అడిగాడు. గిడుగు జవాబు శిష్టవ్యావహారికం: చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడే భాష. ఏ ప్రాంతపు, ఏ కులాల చదువుకున్నవాళ్లు? ఆ ప్రశ్న అప్పుడు గట్టిగా వినపడలేదు. గిడుగు చెవి మొద్దుబారిందేం కాదు. పర్లాకిమిడిలో సవర గిరిజనుల మాట నేర్చి, వాళ్ల పిల్లలకు వాచకాలు రాసి, 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రచురించినవాడు. అయినా పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో కుదురుకున్న వ్యావహారికానికి మూలం ఎక్కువగా కోస్తా జిల్లాల చదువరుల నోటి మాటే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణ పిల్లలు బడిలో చదివిందీ అదే. ఇంట్లో మాట్లాడేది ‘యాస’ అయింది, పుస్తకంలోది భాష. ఒకప్పుడు గిడుగు మోసిన రుజువు బరువు ఈసారి తెలంగాణ కవి కాళోజీ తరం భుజాన పడింది.

2014లో తెలంగాణ ప్రభుత్వం కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రకటించింది. తెలుగు భాషా దినోత్సవం అంతకుముందు నుంచే గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29న జరుగుతోంది.