సింహగిరి వచనములు – వాఙ్మయ విభాగము

గద్యము, పద్యము, మిశ్రము అని వాఙ్మయము త్రివిధమని దండి కావ్యాదర్శమున చెప్పెను. పాఠశాలలయందు ఈ విభాగము నేటికిని బోధింపబడుచున్నది. విభాగము లేక శాస్త్రము లేదనుట నిర్వివాదము. అయినను, ఏ విభాగమునందును ఇమడని రచన కానవచ్చినపుడు దిద్దవలసినది రచననా, విభాగమునా యనునది విచార్యము. దీనికి తెలుగున ముఖ్యమైన ఉదాహరణము నేడు విశాఖపట్టణ నగరమున అంతర్భాగమైయున్న సింహాచలమునందే పుట్టినది.

సింహగిరి నరహరి భక్తుడైన కృష్ణమాచార్యుడు కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) కాలమువాడని ప్రసిద్ధి. అతని వచనములయందు గణనియమము లేదు. యతిప్రాసల నిర్బంధము లేదు. కావున అవి పద్యములు కావు. వాక్యములు తూకముగా నడచును, అంత్యానుప్రాసలు తఱచు, స్వామి సంబోధనముతో వచనము ముగియును, అవి గానయోగ్యములు. కావున నన్నయాదుల చంపువులలో పద్యముల నడుమ కథను నడపు వచనముల వంటివియు కావు. మిశ్రమందమన్నచో, గద్యపద్యములు ప్రక్కప్రక్కన నుండుట మిశ్రము. ఇచట ఉభయధర్మములును ఒక్క వాక్యముననే కలవు.

ఈ చిక్కు పూర్వులెఱుగనిది కాదు. వామనుడు గద్యమును వృత్తగంధి, చూర్ణము, ఉత్కలికాప్రాయము అని విభజించెను. వృత్తగంధి యనగా వృత్తపు వాసన గల గద్యము. గద్యపద్యముల పొలిమేర చెదరుచున్నదని ఆ పేరే ఒప్పుకొనుచున్నది. 14వ శతాబ్దిలో విశ్వనాథుడు సాహిత్యదర్పణమున ముక్తకమును చేర్చి ఆ మూటిని నాలుగు చేసెను. తాళ్లపాక చినతిరుమలాచార్యుడు సంకీర్తనలక్షణమున తాళగంధిచూర్ణికను పేర్కొని కృష్ణమాచార్యుని మార్గమునకు శాస్త్రమున చోటు కల్పించెను. త్రివిధ విభాగము చెప్పిన దండియు, భామహుడు వేఱుపఱచిన కథాఖ్యాయికలను ఒక్క జాతికి గల రెండు పేర్లుగానే యెంచెను.

వ్యాకరణమునందును ఇదియే పద్ధతి. లక్ష్యలక్షణములు రెండును కలసి వ్యాకరణమని కాత్యాయనుని వార్తికము. గణపాఠమున కొన్ని గణములు పరిమితములు, కొన్ని ఆకృతిగణములు. ఆకృతిగణమున పఠింపబడని శబ్దమైనను, రూపసామ్యముచేత శిష్టప్రయోగమునుబట్టి అందు చేరును. ఇంతమాత్రమున గణము చెడలేదు. సూత్రము వ్యర్థము కాలేదు.

అట్లయిన విభాగమునే విడువరాదా యని కొందఱనవచ్చును. విడువరాదు. 12వ శతాబ్దిలో బసవేశ్వరాది శివశరణులు కన్నడమున వెలయించిన రచనలకు వచనమను పేరు ప్రత్యేకశాఖగా నిలిచినది; అందుచేత ఆ వాఙ్మయమంతయు ఒక్కచోట పఠింపబడుచున్నది. తెలుగున కృష్ణమాచార్యునికి అట్టి ఆశ్రయము లభింపలేదు. పద్యకవుల చరిత్రయందు అతడు ఛందస్సు లేనివాడు. వచనరచన ననుసరించువారికి అతడు పాటకాడు. సంకీర్తన చరిత్రయో తఱచు 15వ శతాబ్దివాడైన అన్నమాచార్యునితో ఆరంభింపబడును. ఇట్లు మూడు పట్టికల నడుమ ఒక మహాభక్తకవి జాఱిపోవుచున్నాడు.

కావున విభాగములు ఆకృతిగణములవలె తెఱచియుండవలెను. సింహగిరి వచనములను గద్యచరిత్రయందును సంకీర్తన చరిత్రయందును చెప్పుట పునరుక్తిదోషము కాదు. విద్యార్థిని ఇది గద్యమా, పద్యమా యని ప్రశ్నించుటకు ముందు ఒక వచనమును బిగ్గరగా చదివించినచో, లక్షణము లక్ష్యము వెంట నడచునదేగాని దానికి ముందు నడచునది కాదని అతనికే తెలియగలదు.