ఫ్లానెల్ చొక్కా, గొంగడి

1992 నవంబరులో న్యూయార్క్‌లో మార్క్ జేకబ్స్ 'గ్రంజ్' బట్టల్ని ర్యాంపు ఎక్కించాడు. రెండు డాలర్ల గళ్ల ఫ్లానెల్ చొక్కా ఒకటి కొని, అవే గళ్లను పట్టు మీద వేయించాడు. పెర్రీ ఎల్లిస్ కంపెనీ ఆయన్ని పంపించేసింది. ఆ చొక్కా అసలు కర్ట్ కొబేన్ పుట్టిన ఆబర్డీన్ లాంటి కలప ఊళ్లలో చలికి, పనికి తొడుక్కునేది. దాన్ని ఫ్యాషన్ అని అక్కడెవరూ అనుకోలేదు.

మా పెబ్బేరు వైపు దానికి సాటి గొంగడి. శనివారం సంతకు గొర్రెల్ని తోలుకొచ్చే కాపరుల భుజాన ఉండేది. నల్ల దక్కనీ గొర్రె ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి, కురుమలు గుంట మగ్గం మీద నేస్తారు. వానకు గొడుగు, రాత్రికి పక్క. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతిని పెంచడం మొదలయ్యాక నల్ల ఉన్ని తగ్గిపోయింది. సభల్లో నాయకుల భుజాలకు మాత్రం గొంగళ్లకు కొదవ లేదు!

నేను గళ్ల చొక్కా మీద గొంగడి వేసుకుంటా. గుచ్చుకుంటది, నిజమే. మెత్తటి ఉన్నితో అలాంటిదే చేయించుకోరాదా అంటారు స్నేహితులు. జేకబ్స్ చేసింది అదే కదా. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమెందుకు? నాకు కావలసింది ఆ గరుకే. నేసినాయన చెప్పిన ధరకే కొన్నా, బేరమాడలేదు.