తేనె పూత: పాత మాట, కొత్త సాక్ష్యం

ఆక్లాండ్‌కు పడమట ఉన్న హెండర్సన్ ఒకప్పుడు కలప ఊరు. 19వ శతాబ్దం నడుమ అక్కడ రంపపు మిల్లు పెట్టిన స్కాట్లండ్ వర్తకుడు థామస్ హెండర్సన్ పేరే ఊరికి మిగిలింది. ఊరి వెనుక వైటాకెరె కొండల మీద కౌరి మహావృక్షాలు కూలిన చోట మానుకా, కానుకా పొదలు అలముకున్నాయి. తెలుగు చెవికి ‘కానుక’గా వినిపించే ఆ రెండో పేరు మావోరీ మాట. పచ్చిక కోరిన రైతులకు ఆ పొదలు కలుపు. మానుకా తేనె పట్టునుంచి తేలిగ్గా ఊడిరాదని తేనెటీగల పెంపకందార్లకు విసుగు.

నేడు ఆ తేనెకు ప్రాచీన మావోరీ వైద్యమన్న ప్రచారం ఉంది. చరిత్ర దీన్ని సమర్థించదు. మావోరీలు మందుకు వాడినది మానుకా ఆకూ, బెరడూ. అక్కడి స్థానిక ఈగలు తేనె కూడబెట్టవు. తేనెటీగలను 1839లో ఒక మిషనరీ సోదరి మేరీ బంబీ రెండు బుట్టలతో హొకియాంగా తీరానికి తెచ్చింది. మానుకా తేనెకు విశేషమైన సూక్ష్మజీవి నాశకశక్తి ఉందని 1980లలో వైకాటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ చూపాడు. దానికి మిథైల్‌గ్లయాక్సాల్ కారణమని 2008లో డ్రెస్డెన్ పరిశోధకులు ప్రకటించారు.

మన వైపు సంప్రదాయం నిజంగానే పాతది. సుశ్రుతుడు వ్రణాలకు తేనె, నెయ్యి కలిపి వాడమన్నాడు. నల్లమల చెంచులు నేటికీ కొండకొమ్ముల నుంచి తేనె దింపుతారు. అయితే పుండు వేరు, చర్మపు వాపు వేరు. సూక్ష్మజీవిని చంపేది ఎర్రదనాన్నీ తగ్గిస్తుందని ఊహించరాదు, పరీక్షించాలి.

న్యూజిలాండ్‌లో ఆ పరీక్ష జరిగింది. ముఖం ఎర్రబారి పొక్కే రొజేషియా ఉన్న 138 మందిపై జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. ఎనిమిది వారాల తరువాత, కానుకా తేనె పూసుకున్నవారిలో దాదాపు మూడోవంతుకు, మామూలు క్రీము వాడినవారిలో దాదాపు ఆరోవంతుకు చెప్పుకోదగ్గ మేలు కనిపించింది. తాము పూసుకుంటున్నది తేనె అని రోగులకు తెలుసు, కనుక ఆ ఫలితాన్ని కొంత తగ్గించి చదువుకోవాలి. మరుసటి ఏడు వచ్చిన మొటిమల అధ్యయనంలో సబ్బుకు తేనె జోడించినా అదనపు ప్రయోజనం రుజువు కాలేదు. తేనెటీగలు చెట్ల జిగురుతో చేసుకునే ప్రొపోలిస్ కొందరికి చర్మంపై దద్దురు తెప్పిస్తుందన్నది వైద్యులకు చిరపరిచితం.

ఎగ్జిమాతో రాత్రంతా గోక్కునే బిడ్డ తల్లికి తేనె సీసా మీది ‘ప్రాచీనం’ అన్న మాట ధైర్యమిస్తుంది. ఆ ధైర్యంతో ఆమె వైద్యుడిచ్చిన మందు మానేస్తే, నొప్పి బిడ్డకే. సుశ్రుతుడి వయసూ, మానుకా వెలా ఆ బిడ్డ చర్మానికి తెలియవు.