ఆరు పైసల రాట్నం

రా బిడ్డా, మంటకాడికి జరుగు. కాటారం చలి సంగతి నీకు కొత్తగాదు. చుట్టూ అడివి, పొద్దు గూకిందంటె ఈపుల సూదులు గుచ్చినట్టే ఉంటది. ఆ కందగడ్డలను జెర నిప్పులల్లకు నూకు. అవి ఉడికేదాంక నువ్వు యాడికీ పోవు, నా ముచ్చట ఇనక తప్పదు. చెప్పేటోనికి ఇనేటోడు లోకువ అని పెద్దలు ఊకనే అన్నరా?

పొద్దుగాల నువ్వు ఫోన్ల ఒక రాట్నం బొమ్మ చూపిచ్చినవు గద, దుబాయిల మీ అన్న ఎక్కుత అన్నది. ఐన్ దుబాయి అంటరట దాన్ని. 250 మీటర్ల ఎత్తు. మన ఊరి తాటిచెట్టు మీద తాటిచెట్టు పది నిలవెడితే అంత అయితదేమో. 48 పెట్టెలు, అద్దాల ఇండ్లు అనుకో. ఒక్క చుట్టు తిరిగిరావడానికి 38 నిమిషాలు. 2021 అక్టోబరుల తెరిచిండ్రు. లోకంల దానికన్న ఎత్తు రాట్నం ఇంకోటి లేదు. "తాతా, నువ్వు గిసొంటిది ఎన్నడన్న చూసినవా?" అని నువ్వు నవ్వుకుంట అడిగినవు. చూసుడేంది బిడ్డా, ఎక్కిన. 1958 శివరాత్రికి, కాళేశ్వరంల, ఆరు పైసలకు.

ఆ ఆరు పైసల కత చెప్పాలంటె ముందుగాల రాట్నం సంగతి చెప్పాలె. మా నాయినమ్మకు ఇంట్ల ఒక రాట్నం ఉండె, దూది వడికేది. బాయి మీద గిరక, బండికి గీర, నాయినమ్మకు రాట్నం. తిరిగేటియన్ని మనకు బువ్వ పెట్టేటియే. జాతరల తిరిగేదానికి సుత మనోళ్లు ఆ పేరే పెట్టిండ్రు, ముందట రంగులని ఒక మాట తగిలిచ్చిండ్రు. పని చేసే రాట్నం ఇంట్ల, ఆడుకునే రాట్నం జాతరల. నాయినమ్మ జాతర రాట్నాన్ని చూసి, "గంత పెద్ద రాట్నం తిరుగుతున్నది, ఒక్క పోగు నూలన్న రాకపాయె" అనేది. ఆమె బాధ ఆమెది.

అగో, తొవ్వ తప్పిన. కాళేశ్వరం పోదాం పా.

అప్పుడు మాది కరీంనగర్ జిల్లా. 2016 దసరా నాడు జిల్లాలు మారేదాంక గదే. కాటారం నుంచి మహదేవపూర్ మీదికెళ్లి కాళేశ్వరం మూడామడల తొవ్వ. ఇప్పుడు కారుల గంట గూడ పట్టదు. అప్పుడు ఎడ్లబండ్లు. ఒక్క బండి ఒంటరిగ పోయేది గాదు, పులి భయం. పది పన్నెండు బండ్లు వరుస కట్టేది, ముందటి బండికి ఒకటి, ఎనుకటి బండికి ఒకటి కందీలు. ఎంత ఆకలైనా ఎడ్లకు నీళ్లు తాపనిదే మనిషి సద్దిమూట ఇప్పకపోయేది. ఆడోళ్లు బండ్లల్ల, మొగోళ్లు నడక. పిల్లలం మాత్రం ఎక్కుడు, దుంకుడు, మళ్ల ఎక్కుడు. అవ్వ తిడుతనే ఉండేది, మేం దుంకుతనే ఉండేది.

కాళేశ్వరం గుడి గొప్పతనం నీకు తెలుసు. ఒక్క పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాళేశ్వరుడు, ఇంకోటి ముక్తీశ్వరుడు. ముందు యముని రూపైన కాళేశ్వరుణ్ణి మొక్కి, ఎనుక శివుణ్ణి మొక్కాలె. అక్కడ గోదారిల ప్రాణహిత కలుస్తది. మూడోది సరస్వతి, లోపలంగ పారేది అంటరు. మునిగినం, మొక్కినం, ఒక్కపొద్దులున్నోళ్లు ఉన్నరు. పిల్లలకు ఒక్కపొద్దు యాడిది? మా కండ్లన్ని జాతర మీదనే. అణాకు దోసిళ్లనిండ పేలాలు, బేడకు మట్టిగుర్రం, చారాణకు చేతినిండ గాజులు. బేడ అంటే రెండణాలు బిడ్డా. ఆ మాట ఇప్పుడు నా అసొంటోళ్ల నోట్లనే మిగిలింది.

ఒడ్డు మీద కట్టెల రాట్నం. రెండు దిక్కుల రెండు గుంజలు, నడుమ ఇరుసు, ఇరుసుకు అడ్డం నిలువు దూలాలు, వాటి కొసలకు నాలుగు తొట్లు. ఇంజను లేదు, కరెంటు లేదు. ఇద్దరు మనుషులు, వాళ్ల రెక్కలు. ఒకడు కింద తొట్టిని గుంజితే ఇంకోడు మీది తొట్టిని పట్టుకొని ఏలాడేది. ఇరుసుకు ఆముదం పోస్తే గూడ కిర్రుకిర్రు మంటనే ఉండేది. ఆ చప్పుడు ఇంటె ఇప్పటికీ నా కడుపుల గిలిగింతలే.

ఇగ పైసల సంగతి. 1957 ఏప్రిల్ ఒకటి నుంచి సర్కారు నయా పైసలు తెచ్చింది. పదహారు అణాల రూపాయి నూరు పైసలాయె. అణా అంటే ఆరుంబావు పైసలు. పావు పైస బిళ్ల యాడుంది? అందుకని అణా ఇచ్చేకాడ ఆరు పైసలిచ్చేది. చారాణకైతే లెక్క సరిగ్గ ఇరువై ఐదు. ముసలోళ్లేమో ఇంకా నిజాం నాటి హాలీ రూపాయిలల్లనే లెక్కవెట్టేది. మొత్తం జాతర అంత లెక్కల బడి తీర్గ ఉండె.

మా మేనమామ మమ్ముల నలుగురు పిల్లలను పట్టుకొని రాట్నంకాడికి వచ్చిండు. తలకు అణా. మామ ఒక్కొక్కరికి ఆరు పైసల లెక్కన ఇరువై నాలుగు లెక్కవెట్టి ఇచ్చిండు. రాట్నపాయన నన్ను, మా అక్కను ఒక తొట్ల, మిగిలిన ఇద్దరిని ఇంకో తొట్ల కూసోవెట్టి, పైసలు మళ్ల లెక్కవెట్టి, "నలుగురంటె చారాణ. చారాణకు ఇరువై ఐదు. ఒక్క పైస తక్కువున్నది" అన్నడు. మామ, "నేను చారాణ ఇయ్యలే, నాలుగు అణాలిచ్చిన" అన్నడు. చూడు బిడ్డా, ఇద్దరిదీ నిజమే! ఇద్దరు నిజాయితీపరుల నడుమ ఒక్క పైస పడితే తెగని కొట్లాట అయితది. మంది పోగైండ్రు. కొందరు ఇటు, కొందరు అటు. ఒక పెద్దమనిషి ఇసుకల పుల్లతోని లెక్క రాసి చూపెట్టబట్టె. మామ ఆత్మగౌరవం ఒక్క పైసకు పడిపోయేదిగాదు.

ఆ పంచాయితి జరిగినంత సేపు మా తొట్టి యాడున్నది? సరిగ్గ కొస మీద. కదులుడు లేదు, దిగుడు లేదు. మా అక్క రెండు కండ్లు మూసుకొని ముక్తీశ్వరునికి ఐదు కొబ్బరికాయలు మొక్కుకున్నది. నేను ముందు కింద మామను చూసిన, మంది రుమాళ్లు చూసిన, ఇప్పిన బండ్లు, నెమరేసే ఎడ్లు చూసిన. అయినా పంచాయితి తెగలే. ఇగ తల ఎత్తి నదిని చూసిన.

బిడ్డా, అప్పటికి మూడేండ్ల నుంచి నేను ఆ నీళ్లల్ల మునుగుతున్న. ఒడ్డు మీద నిలవడ్డోనికి ముందటి నీళ్లే కనపడతై. పైకెళ్లి చూస్తే పడమటికెళ్లి గోదారి వస్తున్నది, ఇసుకనే ఇసుక, నడుమ సన్నటి పాయ. ఉత్తరం దిక్కు నుంచి ప్రాణహిత, నిండుగ, ఎడల్పుగ, గట్టును ఒరుసుకుంట వస్తున్నది. రెండూ కలిసినకాడ పెద్ద నీళ్లు. ఆ నీళ్లవతల సిరొంచ, అప్పుడు బొంబాయి రాష్ట్రం. పదేండ్ల పోరనికి ఒక్క చూపుల అర్థమైంది, పేరు గోదారిది, నీళ్లు ప్రాణహితయి అని.

ఆఖరుకు రాట్నపాయన తల కొట్టుకొని, "పోనీయి పటేలా" అని రాట్నం తిప్పిండు. మామ గెలిచిండు. మేం దిగినంక ఆ మామనే బండికాడికి పోయి, ఒక్కపొద్దు ఇడుపు కోసమని ఉడకవెట్టి ఉంచిన కందగడ్డలు ఒళ్లెనిండ తెచ్చి ఆ ఇద్దరికీ పెట్టిండు. "పొద్దటి నుంచి రెక్కలు ఇరుగ తిప్పుతున్నరు, ఏమన్న తిన్నరో లేదో" అన్నడు. ఒక్క పైస కోసం అంతసేపు కొట్లాడి, బేడకు పైన విలువైన గడ్డలు ఇచ్చిండు. ఆ కాలపు మనుషులు గంతే. లెక్క లెక్కనే, పెట్టుడు పెట్టుడే.

"మామా, గోదారి సన్నగున్నది, నీళ్లన్ని ప్రాణహితయే" అంటె మామ నా నెత్తి మీద ఒక్కటిచ్చిండు. "గోదారమ్మను అట్ల అనొద్దు." ఇరువై ఏండ్ల నుంచి ఆ సంగమంల మునుగుతున్న మనిషి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, దగ్గెరున్నదాన్ని ఎవరు చూస్తరు? నేను బడి సారునైనంక పిల్లలకు పటం మీద చూపెట్టిన, వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయితది, గోదారి ఉపనదులల్ల అదే పెద్దది అని. అటెనుక ఎన్నేండ్లకో మేడిగడ్డ కాడ బ్యారేజీ కట్టిండ్రు, ప్రాణహిత కలిసినంక కింద. నీళ్లెక్కడున్నయో అక్కడ గద కట్టాలె.

రాట్నాన్ని చూపు కోసం కట్టినోడు ఒకాయన ఉన్నడు. జార్జ్ ఫెర్రిస్ అని అమెరికాల వంతెనల ఇంజనీరు. 1889ల పారిస్‌ల ఈఫిల్ టవర్ లేస్తే అమెరికోళ్లకు నిద్ర పట్టలే. 1893ల చికాగోల పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి, దానికి దీటైంది ఏదన్న కట్టాలన్నరు. ఫెర్రిస్ 264 అడుగుల రాట్నం కట్టిండు. 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. అంటే ఒక్కసారి రెండువేల పైన జనం, మన ఊళ్లకు ఊళ్లు ఎక్కినట్టు. యాభై సెంట్ల టికెట్టుకు రెండు చుట్లు. మొదటి చుట్టు ఆరుసార్లు ఆగుకుంట జనాన్ని ఎక్కిచ్చుకునేది, రెండోది ఆగకుంట. మన వివేకానందుడు సెప్టెంబరుల మాట్లాడిన సర్వమత సభ ఆ ఎగ్జిబిషన్ సందర్భానే జరిగింది, తెలుసునా? రాట్నం తిరిగింది గని ఫెర్రిస్ బతుకు తిరగలే. మూడేండ్లకే అప్పులల్ల, 37 ఏండ్లకు పానం పోయింది. ఆయన రాట్నాన్ని 1906ల మందు పెట్టి పేల్చిండ్రు. పేరు మాత్రం మిగిలింది, ఇంగిలీషుల ఇప్పటికీ ఫెర్రిస్ వీల్ అనే అంటరు.

లండన్‌ల 2000 సంవత్సరంల ఇంకోటి తెరిచిండ్రు, 135 మీటర్లది. మన సైకిల్ గీరకు పుల్లలున్నట్టు దానికి ఇనుప తాళ్లు. థేమ్స్ నది మీద పండవెట్టి బిగిచ్చి, తర్వాత లేపి నిలవెట్టిండ్రు. అది ఎంత మెల్లగ తిరుగుతదంటె, ఆపకుండనే జనం ఎక్కుతరు, దిగుతరు. ఒక చుట్టుకు అరగంట. ఎందుకంత మెల్లగ? జాతర రాట్నం కడుపుల తిప్పడానికి, ఇది కండ్లకు. మా మామ పంచాయితి పెట్టి నాకు ఇప్పిచ్చిన ఆ ఆగుడు ఉన్నది చూడు, దాన్ని వాళ్లు యంత్రంల పెట్టి అమ్ముతున్నరు.

ఇంకోసారి గూడ ఎక్కిన. 1975 జనవరిల, కొలువు కాయితాల పని మీద హైదరాబాదు పోయి, మా బావతోని నాంపల్లి నుమాయిష్ చూసిన. 1938ల ఉస్మానియాల చదివినోళ్లు పబ్లిక్ గార్డెన్ల పెట్టింది అది, 1946ల నాంపల్లికి మారింది. ఏటా జనవరి ఒకటికి షురువయితది. దాని మీద వచ్చిన పైసలతోని కాలేజీలు నడుపుతరు, అందుకని అక్కడ ఖర్చువెట్టిన రూపాయికి నాకెన్నడు బాధ కాలే. కరెంటు రాట్నం, రంగురంగుల లైట్లు. పైకి పోయినంక ఒక్క గడియ ఆగింది. బావ, "అగో, నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం కడుతున్నరు" అని చూపెట్టిండు. తెల్లటి రాళ్లు, చుట్టూ గోవ కట్టెలు. మరుసటేడు ఆ గుడి తెరిచిండ్రు. నేను ఎప్పుడు పోయినా అందరికి గుడి కనపడతది, నాకు గోవ గూడ కనపడతది.

అగో, గడ్డలు తిప్పు, ఒకదిక్కే కాలుతున్నయి.

మొన్న మీ అన్న ఫోన్ చేసి ఐతారం రాట్నం ఎక్కుతున్న అన్నప్పుడు ఒక్కటే చెప్పిన. "బిడ్డా, ఎక్కినంక ముందు ఫోను తియ్యకు. నీ మొకం నువ్వు రోజు చూసుకుంటనే ఉన్నవు. నువ్వు పోయినకాడి నుంచి ఎన్ని బిల్డింగులకు పని చేసినవో, ఏవి యాడున్నయో పైకెళ్లి చూసి చెప్పు." ఆరేండ్లాయె వాడు పోయి. పొద్దున బస్సుల తీస్కపోతరు, పొద్దుగూకినంక తెస్తరు. గోడ ముందట నిలవడి ఆ గోడనే చూసినోడు, ఊరు మొత్తం ఎన్నడు చూసిండు?

ఇయ్యాల పగటీలి ఫోన్ చేసిండు. నువ్వు బాయికాడ ఉంటివి. "తాతా, మూడు కనపడ్డయి. నాలుగోది ఇంకో దాని ఎనుక పడ్డది, పైన కొస మాత్రం అగుపడ్డది" అన్నడు. ఎంతసేపు చెప్పిండనుకున్నవు! ఏ అంతస్తుల పైపులు తనేసిండో, ఏ దిక్కు గోడకాడ ఎండదెబ్బకు పడిపోయిండో, అన్ని చెప్పిండు. ఇన్నేండ్లల్ల పని గురించి వాడు నోరిప్పింది గిదే మొదలు. ఆఖరుకు, "తాతా, ఐన్ అంటె అరబ్బీల కన్ను. నీటి ఊటకు గూడ గదే మాట అంటరు" అన్నడు. నాకు కాళేశ్వరం ఒడ్డు యాదికొచ్చింది.

వచ్చే శివరాత్రికి నువ్వు నాతోని కాళేశ్వరం రా. ఇప్పుడక్కడ ఇనుప రాట్నం పెడతరు, నేను ఎక్కలేను, నువ్వు ఎక్కు. కొసకు పోయి ఆగినప్పుడు ఉత్తరం దిక్కు చూడు, ప్రాణహిత ఎట్ల వస్తున్నదో దిగినంక నాకు చెప్పాలె.

ఇగ గడ్డలు తియ్యి. మూతి కాలుతది, ఊదుకొని తిను.