కొంగు ఎవరి కోసం?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం చేరడానికి కొద్దిసేపు పడుతుంది. మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు, చేపల గంపలు, పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్లే బాలింతలు, అందరిదీ ఒకటే బల్లకట్టు. ఆమధ్య అలా వెళ్తుంటే ఒక అమ్మాయి ఒళ్లో నాలుగు నెలల బిడ్డ గుక్కపట్టింది. చుడీదార్ వేసుకున్న ఆ తల్లి అటూ ఇటూ చూసి, ఏం చేయాలో తోచక బిడ్డను భుజాన వేసుకుని జోకొట్టసాగింది. పక్కన గంప దించుకుని కూర్చున్న పెద్దావిడకు విషయం అర్థమైంది. "పాలకేనమ్మా ఏడుత్తుంది, పట్టు. ఎవళ్లు సూత్తారు?" అంది. అంటూనే తన కొంగు విప్పి ఇద్దరికీ అడ్డంగా పట్టుకుంది.

ఎవరూ చూడరు, అయినా కొంగు అడ్డం కావాలి. కోనసీమలో చంటిబిడ్డ తల్లి కథంతా ఈ రెండు మాటల మధ్యే నడిచింది.

"మా రోజుల్లో ఎవరూ తప్పనుకునేవారు కాదు" అని మామ్మలు చెబుతారు. అది సగం నిజం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై కాలువలు పారాక ఈ లంకల నేలంతా వరి పరుచుకుంది. ఊడ్పులకూ కోతలకూ ఆడకూలీలు కావాలి. పాలు తాగే బిడ్డ ఉందని ఇంట కూర్చుంటే పూట గడవదు. గట్టు మీద చెట్టుకు పాత చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడిస్తే బురద చేతులు కాలువలో కడుక్కుని వచ్చి పాలిచ్చి మళ్లీ మడిలోకి దిగేవారు. ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టలేదు. అలాగని గౌరవించారనీ కాదు, ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. అదే కాలంలో అగ్రహారంలో బాలింత పురిటి గది దాటి వసారాలోకి రావడమే గొప్ప. బయట పాలివ్వడమన్న ప్రశ్నే ఆమెకు ఎదురుకాలేదు. కాబట్టి ఆ రోజుల్లో తల్లికి బయట స్వేచ్ఛ ఉందనడం కంటే, ఒకామెకు చాటు లేదు, ఇంకొకామెకు బయట లేదు అనడం సబబు.

అప్పుడూ కొంగు కప్పేవారు. అయితే బిడ్డకు. పాలు తాగే పసివాడి మీద పరాయి కన్ను పడితే దిష్టి తగులుతుందనీ, తల్లికి పాలు ఎండిపోతాయనీ నమ్మకం. ఒంటి సంగతి తర్వాతి మాట. ముందుతరం ముసలమ్మల్లో చాలామంది రవికే ఎరగరు, విధవలకు సంప్రదాయమే దాన్ని దూరం చేసింది. రవిక మర్యాదకు గుర్తుగా ఇంటింటికీ చేరింది పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట్లో. దక్షిణాన తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట కప్పుకునే హక్కు కోసమే దశాబ్దాలు పోరాడి 1859లో సాధించుకున్నారు. ఒకచోట కప్పుకోవడం హక్కు, మరోచోట నియమం. ఒంటి మీది బట్టకు అర్థం ఊరిని బట్టీ కులాన్ని బట్టీ మారిందని గుర్తుంచుకోవాలి.

తర్వాత స్త్రీల పత్రికలు వచ్చాయి. 1902లో 'హిందూసుందరి', 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్.కేసరి 'గృహలక్ష్మి' వెలువడ్డాయి. శిశుపోషణ చదువుకున్న ఇల్లాలి బాధ్యతగా పత్రికలకెక్కింది. పురుటి మురికికీ మూఢనమ్మకాలకూ ఎదురు నిలవడం ఆ తరం చేసిన మేలు. ముర్రుపాలు పిండి పారబోసి పసిగుడ్డుకు ఆముదమో పంచదార నీళ్లో పట్టిన ఇళ్లు తక్కువేం కావు మరి. కానీ ఆ రాతల్లో ఉన్నది ఇంటి తల్లి. చేలో తల్లి, రేవులో తల్లి అందులో కనపడరు.

స్వాతంత్ర్యం వచ్చాక డబ్బాపాలు ఊళ్లలోకి దిగాయి. గ్లాక్సో, లాక్టోజెన్, ఆ తర్వాత అమూల్. డబ్బా మీది బొద్దు పిల్లాడి బొమ్మ చూసి తన పాలు చాలవేమోనన్న దిగులు తల్లికి పట్టుకుంది. నా మటుకు నాకు ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. పాలసీసా దొరబాబుల ఇంటి హోదాయే కాదు, మధ్యతరగతి ఇల్లాలికి చాటు కూడా. బస్సులో సీసా నోట్లో పెడితే ఎవరూ తల తిప్పి చూడరు. ఏటా వరద ముంచే లంకల్లో ఆ సీసా ఉడకబెట్టుకోవడానికి మంచినీళ్లెక్కడివి? విరేచనాలకు ఆ చాటే దారి తీసేది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బాపాల అమ్మకాలపై నియమావళి తెచ్చింది. 1983లో మన దేశం తన నియమావళి ప్రకటించింది. 1992 చట్టం 1993 ఆగస్టు 1 నుంచి అమల్లోకొచ్చి ప్రకటనలను, డబ్బా మీద పసిపిల్లల బొమ్మలను నిషేధించింది. 2003 సవరణ దాన్ని మరింత బిగించింది. బొమ్మ పోయింది గానీ బిడియం పోలేదు.

వింతేమిటంటే ఈ బిడియం వంటింట్లో లేదు. బాలింతకు పాలు పడాలని తెలగపిండి కూర వండుతారు, వెల్లుల్లి దంచుతారు, కాయం తినిపిస్తారు, పాలసొర దొరికితే ధరకు వెనకాడకుండా తెస్తారు. పాలు బాగా పడుతున్నాయా అని వియ్యపురాలు గుమ్మంలోంచే అడుగుతుంది. మామగారి ఎదుటే ఈ చర్చంతా నడుస్తుంది. అవే పాలు అమలాపురం బస్సెక్కేసరికి చెప్పుకోకూడనివైపోతాయి.

ఎందుకంటే బయటి ప్రపంచమే మారింది. నేలటిక్కెట్టు హాల్లో ఆడవాళ్ల వైపు వేరుగా ఉండేది, పిల్లాడు ఏడిస్తే తెర మీద చూపు తిప్పకుండానే పాలిచ్చేవారు. 2002లో ఎదుర్లంక–యానాం వంతెన వచ్చింది, లాంచీల కాలం వెనకబడింది, బస్సులు నిండాయి. అమలాపురానికి ఈనాటికీ రైలు లేదు కాబట్టి తల్లి ప్రయాణమంటే బస్సే. అందులో నిలబడ్డవాళ్ల చూపు నేరుగా ఒళ్లోకే పడుతుంది. ఆపైన ప్రతి చేతిలో కెమెరా ఉన్న ఫోను. వెనకటి చూపు రేవు దాటగానే పోయేది, ఇప్పటి చూపు ఊరూరా తిరగగలదు. అటు కొంగున్న చీర పోయి చుడీదారొచ్చింది. కొంగు పోయినా కొంగుచాటు నియమం మిగిలింది.

రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లిన తల్లుల సంగతి ఇంకో దుఃఖం. అక్కడ వాళ్లు ఎత్తుకునేది ఎవరి పిల్లలనో, ఇక్కడ వాళ్ల బిడ్డలు మామ్మ చేతి అన్నంతో పెరుగుతారు.

చట్టం నెమ్మదిగా నడిచింది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పనివేళల్లో రోజుకు రెండు విరామాలు ఇమ్మంది. నెలజీతం లేని ఊడ్పుల కూలీకి, కొబ్బరిపీచు కూలీకి అది అందింది లేదు. 2018 మార్చిలో మలయాళ పత్రిక 'గృహలక్ష్మి' పాలిచ్చే స్త్రీ చిత్రాన్ని ముఖచిత్రంగా వేసి, తేరిపార చూడకండని రాసింది. కోర్టుకు వెళ్లినవారికి కేరళ హైకోర్టు చెప్పిన సారాంశం, అందమైనా అశ్లీలమైనా చూసే కంటిలోనే ఉంటుందని. 2021లో కర్ణాటక హైకోర్టు, పాలివ్వడం తల్లికి రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కని తేల్చింది. 2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టులో జస్టిస్ నాగరత్న, జస్టిస్ వరాలే ధర్మాసనం బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు, శిశు సంరక్షణ గదులు ఏర్పాటయ్యేలా చూడాలని చెబుతూ, పాలివ్వడాన్ని తప్పుగా చూడరాదని స్పష్టం చేసింది.

2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీశక్తి' పథకంతో మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. చంకన బిడ్డతో ఇల్లు కదిలే తల్లులు ఇంకా పెరుగుతారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, రావులపాలెం బస్టాండుల్లో, అంతర్వేది తీర్థంలో, శనివారాల వాడపల్లిలో నీడ, నీళ్లు, తలుపు ఉన్న గది కావాల్సిందే. అయితే ఆ గది కోరుకున్న తల్లికి వసతిగా ఉండాలి. గది ఉందిగా, అక్కడికి పొమ్మనే మాటకు సాకు కాకూడదు. ఆకలేసిన బిడ్డ బస్టాండు వచ్చేదాకా ఆగదు.

మామ్మల దిష్టిని మనం మూఢనమ్మకం అని కొట్టిపారేశాం. సరే. కానీ అందులో తప్పు చూసే కంటిది, పాలిచ్చే తల్లిది కాదు. వందేళ్లలో నేరం కంటి నుంచి తల్లి మీదకు మారింది. కేరళ హైకోర్టు మాట దాన్ని మళ్లీ ఉండాల్సిన చోట పెట్టింది. ఇక మన వంతు పెద్దదేం కాదు. ఈసారి బస్సులో చంటిబిడ్డ గుక్కపడితే కిటికీ పక్క సీటు ఆ తల్లికి వదిలేసి, అవతలి గట్టున కొబ్బరి తోటలు చూసుకుందాం.